లైబ్రరీ డ్యూటీ, క్వయర్ ప్రాక్టీసు, చర్చి పనులు: మూడూ ఒకే వారంలో ఎలా సర్దుకోవాలి?

శాఖా గ్రంథాలయంలో ఉద్యోగమంటే చాలామందికి ఫ్యాను కింద కూర్చుని పేపరు చదువుకోవడమే. ఆదివారం పొద్దున డ్యూటీ ఉందంటే నమ్మరు. మా లైబ్రరీ వేళలు ఉదయం 8 నుంచి 11, మళ్లీ సాయంత్రం 4 నుంచి 7. వారపు సెలవు శుక్రవారం. అంటే ఊరు ఆరాధనకు బయల్దేరే వేళకు మనం తాళం తీస్తాం, చర్చి పాటల బృందమైన క్వయర్‌లో అందరూ చేరే వేళకు ఇంకా ఇష్యూ రిజిస్టరు ముందే ఉంటాం. ఒంగోలు దగ్గర ఇదే ఉద్యోగం చేస్తూ చర్చి క్వయర్‌లో ఆల్టో (ఆడవాళ్ల కింది గొంతు) పాడుతున్నాను. నాలాంటి వాళ్లు ఒంగోలు నుంచి కావలి, నెల్లూరు దాకా చాలామంది ఉన్నారు. వాళ్ల కోసం ఈ పద్ధతి రాస్తున్నాను. కాలేజీ లైబ్రరీల్లో ఉన్నవాళ్లకు ఆదివారం గొడవ ఉండదు, మిగతాది పనికొస్తుంది.

1. అన్నిటికంటే ముందు ఆదివారం సంగతి తేల్చుకోండి

లైబ్రరీలో ఇద్దరు ముగ్గురు ఉంటే పని సులువే. పండగలు వేరైన సహోద్యోగితో మాట్లాడుకోండి. ఉదాహరణకు ఆమెకు కార్తీక సోమవారాల సాయంత్రాలు కావాలి, మీకు ఆదివారం ఉదయాలు కావాలి. కార్తీకం అక్టోబరు, నవంబరుల్లో వస్తుంది, మీకు అసలు రద్దీ డిసెంబరులో. కాబట్టి ముందు మీరు ఆమె సోమవారాలు చూడండి. డిసెంబరులో ఆమె మీ ఆదివారాలు చూస్తుంది. ఈ మార్పు నోటిమాటగా వద్దు. పై అధికారికి చెప్పి, అనుమతి రాయించుకోండి. తనిఖీకి వచ్చినవాళ్లు హాజరు రిజిస్టరే చూస్తారు గానీ మీ స్నేహం చూడరు.

చిన్న శాఖల్లో ఒక్కరే ఉంటారు. అక్కడ సర్దుబాటు మాటే లేదు. మీ చర్చిలో తెల్లవారుజామున మొదటి ఆరాధన ఉంటే దానికి మారిపోండి. క్వయర్ పాడేది రెండో ఆరాధనలో కదా అంటారు. నిజమే. నెలకు ఒకసారైనా మొదటి ఆరాధనలో క్వయర్ పాడేలా పాస్టర్ గారిని అడగండి. ఆ వేళకు వచ్చేవాళ్లలో నర్సులు, ఆర్టీసీ వాళ్లు, టిఫిన్ సెంటర్ల వాళ్లు కూడా ఉంటారు, వాళ్లకూ మంచి పాట వినాలని ఉంటుంది. అది కూడా కుదరకపోతే అప్పుడప్పుడు ఒక సీఎల్ (క్యాజువల్ లీవు) పెట్టండి. ప్రతి ఆదివారం పర్మిషన్ అడిగితే మాత్రం అసలు అవసరం వచ్చిన రోజు ఎవరూ ఇవ్వరు.

2. ప్రాక్టీసు గురువారం రాత్రికి మార్పించండి

చాలా చర్చిల్లో ప్రాక్టీసు శనివారం సాయంత్రమే పెట్టుకుంటారు. లైబ్రరీ వాళ్లకు అది ఎందుకూ పనికిరాని వేళ. 7 గంటలకు తలుపులేసి, పేపర్లు ఫైలుకు కట్టి, పరుగెత్తేసరికి సగం పాట అయిపోయి ఉంటుంది. మనకు శుక్రవారం సెలవు కాబట్టి గురువారం రాత్రి కాస్త ఆలస్యమైనా ఇబ్బంది లేదు. కొత్త పాటలన్నీ గురువారం నేర్చుకుని, శనివారం ఒక్కసారి పాడి చూసుకుంటే చాలు.

మారడానికి క్వయర్ ఒప్పుకోకపోతే ఇంకో దారి ఉంది. ముందు మగ గొంతులైన బాస్, టెనర్ వాళ్లవి విడిగా చూసి, ఆడ గొంతులైన సొప్రానో, ఆల్టోలను తర్వాత మొదలుపెట్టమనండి. "అక్కా, మీరు లేకపోతే ఆల్టో ఎవరు లాగుతారు?" అని పిల్లలు అంటారు. అంటే పొంగిపోవద్దు. కీబోర్డు మీద ఒక్కో గొంతు విడిగా వాయించి ఫోనులో రికార్డు చేసి పంపమనండి. మధ్యాహ్నం 11 నుంచి 4 దాకా దొరికే ఖాళీలో వంట, భోజనం అయ్యాక రెండుసార్లు వింటే, రాత్రికి స్వరాలు వెతుక్కోనక్కర్లేదు.

ఒక మాట. నాలుగు గొంతుల పాట ఇంగ్లిష్ ట్యూన్లకు బాగుంటుంది. మన పాత తెలుగు కీర్తనలకు పైన రాగం, తాళం అచ్చు వేసి ఉంటాయి. అవి అందరూ ఒకే గొంతుగా పాడడానికి కట్టినవి. వాటికి బలవంతంగా హార్మనీ తగిలిస్తే రాగం చెడుతుంది, రెండు వారాల ప్రాక్టీసు కూడా వృథా. ఎక్కడ హార్మనీ, ఎక్కడ ఏకగళం అన్నది ముందే తేల్చుకుంటే సగం టైము మిగులుతుంది.

3. గొంతును లైబ్రరీ నుంచి కాపాడుకోండి

దీని గురించి ఎవరూ చెప్పరు. లైబ్రరీలో గొంతుకు రెండు శత్రువులు. ఒకటి దుమ్ము. ఏళ్ల తరబడి కట్టలు కట్టిన పేపర్లు విప్పినప్పుడు సన్నగా పసుపు పొడిలాంటి దుమ్ము లేస్తుంది, దానికి తోడు నాఫ్తలీన్ ఉండల వాసన. పాత ఫైళ్లు దులిపే పని శుక్ర, శని, ఆదివారాలకు దూరంగా, సోమవారమో మంగళవారమో పెట్టుకోండి. చీపురుతో కొట్టకుండా తడి గుడ్డతో తుడవండి, మాస్కు కట్టుకోండి.

రెండోది గుసగుస. పాఠకులకు ఇబ్బంది కాకూడదని మనం రోజంతా గాలితోనే మాట్లాడతాం. డీఎస్సీ కుర్రాడు మెటీరియల్ ఎక్కడుందని అడిగినా గుసగుసే, పెద్దాయన నిన్నటి పేపరు అడిగినా గుసగుసే. గుసగుసలాడితే గొంతుకు విశ్రాంతి అనుకుంటాం గానీ, గొంతు బిగబట్టి గాలి వదలడం వల్ల అలసిపోతుంది, ఆరిపోతుంది. తగ్గు స్థాయిలో మామూలు గొంతుతోనే మాట్లాడండి. టేబుల్ మీద నీళ్ల సీసా ఉంచుకోండి. రోహిణి కార్తెలో మన వైపు ఎండకు దాహం వేసి, ప్రాక్టీసుకు వెళ్తూ దారిలో చల్లటి సోడా తాగేసే అలవాటుంటే ఆ ఒక్క పూట మానుకోండి.

4. పాటలకు కూడా ఒక రిజిస్టరు పెట్టండి

క్వయర్‌కు లైబ్రరీ మనిషి ఇవ్వగలిగింది గొంతు ఒక్కటే కాదు. ఏ చర్చి బీరువా తీసి చూసినా జిరాక్స్ కాగితాలు కలగాపులగంగా ఉంటాయి. క్రిస్మస్ పాట కోసం వెతికితే పెళ్లి పాట దొరుకుతుంది. మన దేశంలో గ్రంథాలయ శాస్త్రానికి పితామహుడైన ఎస్.ఆర్. రంగనాథన్ 1931లో చెప్పిన అయిదు గ్రంథాలయ సూత్రాల్లో నాలుగోది పాఠకుడి సమయం ఆదా చేయమని. పాఠకుడి చోట గాయకుడిని పెట్టుకోండి.

ఒక పొడవాటి నోటుబుక్కులో గళ్లు గీయండి. వరుస నంబరు, పాట మొదటి పాదం, రాగం తాళం లేదా స్కేలు, సందర్భం, ఎన్ని గొంతులు, కాపీలు ఎన్ని, చివరిసారి ఎప్పుడు పాడాం. కాగితాల మీద అదే నంబరు వేసి, కవర్లలో వరుసగా పెట్టండి. పుస్తకాలకు విషయాన్ని బట్టి నంబర్లు వేసే డ్యూయీ పద్ధతిలో గాత్ర సంగీతం 782 కిందికి వస్తుంది గానీ, ఇక్కడ అంత హంగామా వద్దు, వరుస నంబరు చాలు. 'చివరిసారి' గడి మాత్రం వదలకండి. అది ఉంటే ఒకే పాట నెలలో మూడుసార్లు రాదు.

5. ఏడాది మొత్తం ఒకే కాగితం మీద చూసుకోండి

అసలు టెన్షన్ నవంబరులో. గ్రంథాలయ వారోత్సవాలు 14 నుంచి 20 దాకా. స్కూలు పిల్లలకు వ్యాసరచన, ముగ్గులు, వక్తృత్వం, ఆఖరి రోజు బహుమతులు. సరిగ్గా అప్పుడే క్వయర్ క్రిస్మస్ పాటలు మొదలుపెడుతుంది, డిసెంబరు వచ్చిందంటే పండగకు ముందే జరిపే సెమీ క్రిస్మస్‌లు. కాబట్టి కొత్త పాటలు అక్టోబరు మధ్యలోనే మొదలుపెట్టి, వారోత్సవాల ముందే స్వరాలు నోటికి తెచ్చుకోవాలి. ఆ వారం ప్రాక్టీసుకు రానని ముందే చెప్పేయండి.

తర్వాతి చిక్కు వేసవి. లైబ్రరీలో పిల్లల వేసవి శిబిరం, చర్చిలో పిల్లల సెలవుల బైబిల్ బడి వీబీఎస్, రెండూ మే చుట్టూనే. వీబీఎస్‌లో రోజువారీ టీచరుగా ఒప్పుకోకండి. మధ్యాహ్నం ఒక గంట పాటలు నేర్పే పని మాత్రం తీసుకోండి. గుడ్ ఫ్రైడేకి ఏ ఇబ్బందీ లేదు, మన సెలవు అదే రోజు. డిసెంబరు 31 అర్ధరాత్రి ఆరాధన అయ్యాక మర్నాడు గొంతు బరువుగా ఉంటుంది. 1854 కొత్త సంవత్సరం ఉదయాన అమెరికా బాప్టిస్టు మిషనరీలైన జువెట్ దంపతులు మరికొందరితో ఎక్కి ప్రార్థన చేసిన కొండ ఒంగోలులో ఇప్పటికీ ప్రార్థన కొండే. జనవరి 1న అక్కడికి వెళ్తే ప్రార్థన చేయండి, పాట మాత్రం పెదాల మీదే ఉంచండి.

6. గ్రంథాలయం గ్రంథాలయమే

దీనిలో నేను కాస్త కఠినంగా ఉంటాను. లైబ్రరీ ఇంటి పన్నుతో పాటు వసూలయ్యే గ్రంథాలయ పన్ను మీద నడుస్తుంది. అది కట్టేవాళ్లలో అన్ని మతాల వాళ్లూ ఉన్నారు. మన అరలో డ్యూయీ నంబర్ల ప్రకారం 220 దగ్గర బైబిల్, 294.5లో హిందూ మత గ్రంథాలు, 297లో ఇస్లాం, అన్నీ పక్కపక్కనే ఉంటాయి. అక్కడ కూర్చుని చర్చి పోస్టరు అంటించడం, లైబ్రరీ ప్రింటరులో పాటల కాగితాలు తీయడం, రీడింగ్ రూములో కానుకల పుస్తకం తిప్పడం పనికిరాదు. అలాగే చర్చిలో ఎవరైనా "నా పుస్తకం గడువు దాటింది, మీరే సర్దేయండి" అంటే, లైబ్రరీకి వచ్చి కట్టమనండి.

7. కాదనడం నేర్చుకోండి

పాడేవాళ్లను చర్చి ఊరికే వదలదు. ముందు క్వయర్, తర్వాత స్త్రీల సమాజం, ఆ తర్వాత లెక్కలు బాగా రాస్తారని ట్రెజరర్. క్వయర్ కాకుండా ఇంకొక్క బాధ్యత చాలు. మిగతావాటికి "అయ్యగారూ, డ్యూటీ 7 దాకా ఉంటుంది, మీటింగుకు రాలేను. నా పాటల రిజిస్టరు మాత్రం ఎప్పుడూ మీ దగ్గరే ఉంటుంది" అని చెప్పండి. కారణం నిజమైంది కాబట్టి ఎవరూ నొచ్చుకోరు.

రిజిస్టరు మాట వచ్చింది కాబట్టి ఇంకొక్కటి. మనది బదిలీలుండే ఉద్యోగం. ఆర్డరు వస్తే వారంలో కనిగిరో, ఇంకెక్కడికో వెళ్లిపోవాలి. క్వయర్‌లో ఇంకొకరికి ఆ నోటుబుక్కు రాయడం ఇప్పుడే నేర్పండి, బీరువా రెండో తాళం కూడా వాళ్లకే ఇవ్వండి.