మిడిల్‌మార్చ్ చదవడం ఎలా? 3వ పాఠం: ఆ మాట ఎవరిది?

1871 డిసెంబరు నుంచి ఏడాది పాటు ఈ నవల ఎనిమిది భాగాలుగా ఎలా వెలువడిందో గత పాఠంలో చూశాం. ఈసారి పెన్సిలు దగ్గర పెట్టుకోండి. దీన్ని రాసిన జార్జ్ ఇలియట్‌ని (మగపేరుతో రాసిన ఆంగ్ల రచయిత్రి) చదివేవాళ్ళు ఎక్కువగా తడబడేది ఒకచోట: కొటేషన్ గుర్తులు లేకుండా వచ్చే ఊరి మాటని రచయిత్రి మాటే అనుకుంటారు.

1వ అధ్యాయంలో కథానాయిక డొరొతియా పెళ్ళి ప్రస్తావన వచ్చే పేరా తీయండి. అంత అందగత్తెకి, ఆస్తిపరురాలికి పెళ్ళి కాకపోవడమేమిటి? కాకపోతే, జబ్బుపడ్డ కూలివాడి పక్కన ఇటుకల నేల మీద మోకరిల్లి ప్రార్థిస్తుంది, ఉపవాసాలుంటుంది, రాత్రుళ్ళు మేలుకొని మతగ్రంథాలు చదువుతుంది. ఆడవాళ్ళ అభిప్రాయాలు ఆచరణలోకి రాకపోవడమే సంసారాలకి రక్ష. బుద్ధున్నవాళ్ళు ఇరుగుపొరుగు చేసినట్టే చేస్తారు, అప్పుడే పిచ్చివాళ్ళెవరో తెలుస్తుంది. ఇంతసేపూ ఎవరో "అన్నారు" అని ఎక్కడా ఉండదు.

ఒక్కో వాక్యాన్నీ తెలుగులో చెప్పుకొని చివర "ట" తగిలించండి. "రాత్రుళ్ళు మేలుకొని చదువుతుందట!" చక్కగా అతికితే అది ఊరి గొంతు, మార్జిన్‌లో "ఊ" రాయండి. ఒక పాత్ర మనసులోదైతే "పా". కథకురాలు తనంతట తాను చెబితే "క". ఈ పేరాలో దాదాపు అంతా ఊ. అది పట్టుకోకపోతే చదువుకున్న ఆడపిల్లని ఇలియట్టే వెక్కిరిస్తోందనిపిస్తుంది. ఇక 86 అధ్యాయాలూ తలకిందులుగా అర్థమవుతాయి.

ఒకే వాక్యంలో గొంతు మారితే "ట" ఒక్కటే చాలదు. కామాల దగ్గర గీత గీసి విడదీయాలి. 29వ అధ్యాయం మొదట్లో కథకురాలు డొరొతియా గురించి చెప్పబోయి, ఎప్పుడూ డొరొతియాయేనా అని మధ్యలోనే ఆగిపోతుంది. కాస్త కిందకి వస్తే ఆమె భర్త, వయసు మళ్ళిన పండితుడు కసాబన్ గురించి ఒక వాక్యం ఉంది. చికిలించే కళ్ళు, తెల్లటి పుట్టుమచ్చలు డొరొతియా చెల్లెలు సీలియాకి నచ్చనివి. కండలేని ఒళ్ళు, ఒకప్పుడు డొరొతియాని పెళ్ళాడాలనుకున్న సర్ జేమ్స్‌కి మింగుడుపడనిది. ఈ రెండూ పా. ఇవన్నీ ఉన్నా ఆ మనిషి లోపల తీవ్రమైన చైతన్యం ఉందనీ, మనందరిలాగే ఆయన ఆత్మా ఆకలిగొని ఉందనీ చెప్పేది క. అప్పటిదాకా ఇతరుల కళ్ళతో చూసి తేలిగ్గా తీసేసిన మనిషి ఇక్కడ మనకి దగ్గరవుతాడు. నవలకి గుండెకాయ లాంటి వాక్యం ఇది, నిదానంగా రెండుసార్లు చదవండి.

అభ్యాసం: 45వ అధ్యాయం. స్లాటర్ లేన్‌లో ట్యాంకర్డ్ అనే పబ్బు నడిపే మిసెస్ డాలప్‌కి డాక్టర్ లిడ్‌గేట్ మీద గట్టి అనుమానం, శవాలు కోయడానికే రోగుల్ని ఆసుపత్రిలో చావనిస్తాడని. ఎడిన్‌బరోలో బర్క్, హేర్ అనే ఇద్దరు, కోసి పాఠం చెప్పే డాక్టరుకి శవాలు అమ్ముకోవడానికి 1828లో మనుషుల్ని చంపారు. కథాకాలం 1829తో మొదలవుతుంది కాబట్టి ఆ భయం ఇంకా పచ్చిగానే ఉంది. మిసెస్ గోబీ పేరు వచ్చే ఆ పొడవాటి వాక్యాన్ని ముక్కలు చేసి గుర్తులు పెట్టండి. డాలప్ సొంత మాట ఎక్కడ అందరికీ తెలిసిన నిజంగా మారుతోందో గీత గీయండి. అందులో క కూడా ఒకచోట ఉంది, వెతకండి. జవాబులు 4వ పాఠంలో.