రిటైర్మెంట్ డబ్బు చేతికొచ్చిందా? బాండు మీద సంతకం పెట్టే ముందు ఇది చదవండి

పోయిన వారం మా వీధిలో ఉండే మాస్టారొకరు ఒక ఫారం పట్టుకొచ్చారు. ఈ మధ్యే రిటైరయ్యారు. "ఒకసారి చూడు బాబూ, రేపటిలోగా సంతకం పెట్టమంటున్నారు" అన్నారు. ఏదో ఫైనాన్స్ కంపెనీ బాండ్లు. ఏడాదికి 12 శాతం పైన వడ్డీ. గ్రాట్యుటీ, కమ్యుటేషన్ (పెన్షన్‌లో కొంత భాగానికి బదులు ముందే ఒకేసారి తీసుకునే డబ్బు) కలిపి వచ్చినదాంట్లో సగానికి పైగా అందులో పెట్టడానికి సిద్ధపడిపోయారు. "షేర్లంటే నాకు భయం. ఇది ఎఫ్‌డీ లాంటిదేనట కదా!"

ఆ "లాంటిదేనట" వినగానే నాకు గుండె జారింది. పాతికేళ్లుగా ఇన్‌కమ్ ట్యాక్స్ రిటర్నులు నింపే పనిలో ఉన్నాను. ఎవరి డబ్బు ఎక్కడ పోయిందో ఆ కాగితాల్లో కనిపిస్తుంది. షేర్లలో పోగొట్టుకున్నవాళ్లు పోవచ్చని తెలిసే దిగారు, కాబట్టి కొంతే పెట్టారు. బాండ్లలో పోగొట్టుకున్నవాళ్లు పోతుందని కలలో కూడా అనుకోలేదు. అందుకే ఉన్నదంతా పెట్టారు.

తేడా ఎక్కడుంది

మీ బావమరిది కిరాణా కొట్టు పెడుతున్నాడనుకోండి. లక్ష ఇచ్చి వాటా తీసుకుంటే అది షేరు. లాభమొస్తే మీకూ వస్తుంది, కొట్టు పెద్దదైతే మీ వాటా విలువా పెరుగుతుంది. ఎప్పుడిస్తాడు, ఎంతిస్తాడు అని అడిగే హక్కు మాత్రం లేదు. అదే లక్షకు నోటు రాయించుకుంటే అది బాండు. వడ్డీ ఇంత, అసలు ఫలానా తేదీకి అని మాట ఉంటుంది. కొట్టు ఎంత బాగా నడిచినా మీకు ఆ వడ్డీయే.

కొట్టు మూతపడితే ముందు అప్పులవాళ్లకు పంచుతారు, ఏమైనా మిగిలితే వాటాదారులకు. మన దివాలా చట్టంలోనూ వరుస ఇదే, షేరున్నవాడు అందరికంటే చివర. బాండు భద్రమని చెప్పే మాటకు ఆధారం ఈ వరుసే. కానీ వరుసలో ముందున్నంత మాత్రాన గల్లాపెట్టెలో డబ్బు ఉండాలిగా?

నేను మళ్లీ మళ్లీ చూసిన తప్పు

బాండును డిపాజిట్ అనుకోవడం. బ్యాంకు ఎఫ్‌డీకి 5 లక్షల వరకు బీమా ఉంది. కంపెనీ బాండుకు ఒక్క రూపాయి బీమా లేదు. బ్యాంకు 7 ఇచ్చే చోట ఒక కంపెనీ 12 ఇస్తానంటోందంటే అది దయ కాదు, తక్కువ వడ్డీకి దానికి అప్పు పుట్టడం లేదు. ఊళ్లో నూటికి మూడు రూపాయల వడ్డీ ఇస్తానని వచ్చినవాడిని మన పెద్దవాళ్లు ఎలా చూసేవాళ్లో గుర్తుచేసుకోండి. అదే మనిషి రంగు బ్రోచర్ తెస్తే ఎందుకు నమ్ముతున్నాం?

2018లో రోడ్లు, వంతెనల లాంటి పనులకు అప్పులిచ్చే ఐఎల్ అండ్ ఎఫ్‌ఎస్ చేతులెత్తేసింది. అంతకు కొన్ని వారాల ముందు దాకా దానికి ట్రిపుల్ ఏ రేటింగ్, అంటే అప్పు తీర్చే సత్తాకు ఇచ్చే మార్కుల్లో అన్నిటికంటే పైది. మరుసటి ఏడు ఇళ్ల అప్పులిచ్చే డీహెచ్ఎఫ్ఎల్. అందులో షేర్లు సున్నా అయ్యాయి, అప్పిచ్చినవాళ్లలోనూ చాలామందికి పెట్టిందంతా తిరిగి రాలేదు. అన్నిటికంటే నన్ను కలచివేసింది 2020 మార్చి నాటి యస్ బ్యాంకు సంగతి. ఏటీ-1 అనే రకం బాండ్లు (బ్యాంకు చిక్కుల్లో పడితే రద్దు చేసే షరతుతో అమ్మేవి), 8,400 కోట్లకు పైగా, ఒక్క నిర్ణయంతో రద్దయిపోయాయి. షేరున్నవాళ్ల చేతిలో ఎంతో కొంత మిగిలింది, బాండున్నవాళ్ల చేతిలో ఏమీ లేదు. వరుసే తిరగబడింది. తర్వాత బొంబాయి హైకోర్టు ఆ రద్దు చెల్లదంది, సుప్రీంకోర్టు ఆ తీర్పు మీద స్టే ఇచ్చింది. పెద్ద వయసువాళ్లు కోర్టు తేదీల కోసం ఎదురుచూడాలా?

మళ్లీ చెబుతున్నాను, బాండు డిపాజిట్ కాదు.

షేర్ల గురించి ఒక్కటే చెబుతాను. తేదీ ఉన్న డబ్బు అందులో పెట్టకండి. వచ్చే ఏడాది పెళ్లి, జూన్‌లో కట్టాల్సిన ఫీజు, ఇంటి స్లాబు డబ్బు, ఇవేవీ వద్దు. 2008 జనవరిలో 21 వేలు తాకిన షేర్ల సూచీ సెన్సెక్స్ మళ్లీ ఆ మెట్టు ఎక్కడానికి 2010 చివరి దాకా పట్టింది. పెళ్లి ముహూర్తం అన్నాళ్లు ఆగదు. ఒకే కంపెనీ షేరైతే అసలు ఎక్కకపోవచ్చు కూడా. మన హైదరాబాద్ సత్యం కంప్యూటర్స్ షేరు 2009 జనవరి 7న ఒక్క రోజులో ముప్పావు వంతు పైగా కరిగిపోయింది.

ఇక సంతకం ముందు:

- "సెక్యూర్డ్" అని ఉందా, "అన్‌సెక్యూర్డ్" అని ఉందా చూడండి. తాకట్టు ఉన్న అప్పు, లేని అప్పు ఒకటి కావు.
- "పర్పెచువల్" అని ఉంటే వదిలేయండి. అసలు తిరిగిచ్చే తేదీ లేదని దానర్థం.
- "సబార్డినేటెడ్" అని ఉన్నా వదిలేయండి. మిగతా అప్పులవాళ్ల వెనక నిలబడతారు.
- బ్యాంకు లోపల కూర్చుని అమ్మినంత మాత్రాన అది బ్యాంకు డిపాజిట్ అయిపోదు.
- ఎప్పుడైనా అమ్ముకోవచ్చంటారు. కొనేవాడెవరో అడగండి.
- డీమ్యాట్ ఖాతాలోకి (షేర్లు, బాండ్లు కంప్యూటర్ లెక్కల్లో మీ పేరున ఉండే ఖాతా) రాని బాండు వద్దు.
- ఏజెంటు సొంత ఖాతాకు డబ్బు పంపకండి.
- భద్రతే కావాలంటే ముందు పోస్టాఫీసులో సీనియర్ సిటిజన్స్ స్కీమ్. ఒక్కరి పేరున 30 లక్షల దాకా పెట్టొచ్చు.
- ఆ తర్వాత ప్రభుత్వ బాండ్లు. రిజర్వు బ్యాంకు రిటైల్ డైరెక్ట్ ఖాతాలో 10 వేలతో మొదలుపెట్టొచ్చు. అయితే వీటి ధరా కదులుతుంది. 7 శాతం వడ్డీ ఉన్న పదేళ్ల బాండు వందకు కొన్నాక బయట వడ్డీ 8కి పెరిగితే, దాని ధర సుమారు 93కి పడుతుంది, 8 ఇచ్చేది దొరుకుతుంటే మీ 7ని వందకు ఎవరు కొంటారు? గడువు దాకా ఉంచుకోగలిగితేనే కొనండి.
- రేటింగ్ కొన్నరోజే కాదు, ఏడాదికి రెండుసార్లయినా చూడండి.
- ఒక్క కంపెనీకే అంతా ఇవ్వకండి. వడ్డీ ఎంతైనా సరే.
- రేపే ఆఖరి రోజంటే సంతకం పెట్టకండి.
- "ఎఫ్‌డీ లాంటిదే" అన్నవాడిని అదే మాట కాగితం మీద రాసి సంతకం పెట్టమనండి. కంపెనీ మూతపడితే వరుసలో మీ వంతు ఎన్నోదో కూడా రాయమనండి.