గో-కార్ట్ తిన్నగా పోవట్లేదా? స్టీరింగ్‌ను తిట్టేముందు ఫ్రేమ్ కొలవండి

సికింద్రాబాద్ రాణిగంజ్‌లో పైపులు కొని, ఇంటి దగ్గర వెల్డింగ్ షాపులో అతికించి, మా అక్క కొడుకు నేను కలిసి ఇప్పటికి రెండు గో-కార్ట్‌లు, అంటే నేలకి ఆనినట్టుండే చిన్న నాలుగు చక్రాల బండ్లు, చేశాం. మొదటిది తుక్కుకి పోయింది, రెండోది నడుస్తోంది. మొదటిదానికి టై రాడ్‌లు (స్టీరింగ్ తిప్పితే ముందు చక్రాలను తిప్పే కడ్డీలు) ఎన్నిసార్లు విప్పి బిగించామో లెక్కలేదు. తీరా చూస్తే తప్పు వాటిలో లేనే లేదు, ఫ్రేమే వంకర. అందుకే కింద ఏ సమస్య చదివినా ముందు ఫ్రేమ్, తర్వాత బుష్‌లు (పిన్ను తిరిగే గొట్టంలాంటి తొడుగులు), బోల్టులు, అన్నిటికన్నా చివర టై రాడ్, ఈ వరసలోనే చూడండి. ఇంజిన్ ఎక్కించకముందే చాలావరకు తెలిసిపోతుంది: ఒకరు కూర్చోవాలి, ఒకరు వెనకనుంచి తొయ్యాలి, అంతే.

చేతులు వదిలితే ఒక పక్కకి లాగుతోంది

ముందు టైర్లలో గాలి సమానంగా ఉందా చూడండి. నవ్వకండి, మేమూ అది చూడకుండానే గంటసేపు స్పానర్ పట్టుకుని కూర్చున్నాం.

గాలి సరిగ్గానే ఉంటే టేపు తీయండి. ముందు చక్రం ఎడమకీ కుడికీ తిరగడానికి ఇరుసులా ఉండే నిలువు బోల్టే కింగ్ పిన్. ఎడమ కింగ్ పిన్ మధ్యనుంచి ఎడమ వెనక బేరింగ్ మధ్యకి ఒక కొలత, కుడి పక్క అదే కొలత. తర్వాత ఐమూలలు: ఎడమ కింగ్ పిన్ నుంచి కుడి వెనక బేరింగ్‌కి, కుడి దాన్నుంచి ఎడమకి. రెండు మూడు మిల్లీమీటర్ల తేడాతో పెద్దగా నష్టం లేదు. మాకు ఐమూలల్లో 14 మిల్లీమీటర్లు వచ్చింది. అంటే వెనక యాక్సిల్ బండిని ఒక దిక్కుకి తోస్తోంది, ముందు చక్రాలు ఇంకో దిక్కు చూస్తున్నాయి, మధ్యలో పాపం స్టీరింగ్ ఏం చేస్తుంది.

కారణం దాదాపు ఎప్పుడూ వెల్డింగ్ వరసే. వెల్డ్ చల్లారుతూ ముడుచుకుంటుంది, ముడుచుకుంటూ పైపును తనవైపు లాక్కుంటుంది. వెల్డర్ తొందరలో ఒక పక్క మొత్తం కొట్టేసి రెండో పక్కకి పోతే, పొద్దున గునియా పెట్టి చూసిన ఫ్రేమ్ సాయంత్రానికి మంచం కోడులా తిరిగిపోతుంది. నాలుగైదు మిల్లీమీటర్లే అయితే వెనక బేరింగ్ హౌసింగ్ బోల్టు రంధ్రాలను పొడవుగా చేసి యాక్సిల్‌ను సర్దుకోవచ్చు. అంతకన్నా ఎక్కువైతే మొండికి పోకండి, అడ్డపైపు జాయింట్లు రెండూ గ్రైండర్‌తో కోసి, చదునైన చోట క్లాంప్‌లతో బిగించి, అన్నిటికీ ముందు టాక్‌లు, అంటే చిన్న చుక్క వెల్డ్‌లు, మాత్రమే వేయించి, మళ్లీ ఐమూలలు కొలిచి, అప్పుడు కొంచెం ఇక్కడ కొంచెం అక్కడ ఎదురెదురుగా పూర్తి చేయించండి. రసమట్టం ఒకసారి ముందు అడ్డపైపు మీద, ఒకసారి వెనక దాని మీద పెట్టండి. రెండుచోట్లా బుడగ ఒకేచోట నిలవకపోతే ఫ్రేమ్ మెలి తిరిగినట్టు, అప్పుడు నాలుగు చక్రాల్లో ఒకటి గాల్లో తేలుతుంది.

మలుపు అయ్యాక స్టీరింగ్ తిరిగి రావట్లేదు

ఇది క్యాస్టర్ (కింగ్ పిన్ వాలు) వ్యవహారం. కింగ్ పిన్ పై కొన డ్రైవర్ వైపుకి, అంటే వెనక్కి వాలి ఉండాలి. సైకిల్ ముందు ఫోర్క్ చూడండి, అదే వాలు. నిటారుగా నిలబెడితే స్టీరింగ్‌కి తిన్నగా ఉండాలనే బుద్ధే ఉండదు. ఇంట్లో చేసుకునే కార్ట్‌కి 10 నుంచి 15 డిగ్రీల మధ్య పెట్టుకుంటే బాగానే పనిచేస్తుంది. కొలవడానికి ఫోన్‌లో ఉండే లెవల్ యాప్ చాలు, ఫోన్ అంచును కింగ్ పిన్ బోల్టు పక్కన ఆనిస్తే డిగ్రీలు చూపిస్తుంది.

మా రెండో కార్ట్‌లో జరిగింది చెప్తా. కింగ్ పిన్‌ను పట్టుకునే ముందు బ్రాకెట్లు ఇంగ్లీషు సి అక్షరంలా ఉంటాయి కదా, వాటిని బాలానగర్‌లో ఒక లేత్ షాపులో చేయించాం. మేం గీసిచ్చిన బొమ్మ ఒకటే, పక్కన రెండు కావాలని రాశాం, ఆయన రెండూ అచ్చంగా ఒకేలా చేసిచ్చాడు. నిజానికి ఎడమది, కుడిది అద్దంలో బొమ్మల్లా ఉండాలి. మేం చూసుకోకుండా వెల్డ్ చేయించాం. ఎడమ కింగ్ పిన్ 12 డిగ్రీలు వెనక్కి, కుడిది 12 డిగ్రీలు ముందుకి! తోస్తే కుడికి లాగుతోంది, ఐమూలలేమో ఈసారి సరిగ్గా ఉన్నాయి. ఫోన్ ఆనించాకే అర్థమైంది. అక్క కొడుకు బొమ్మ తీసి చూసి "మామా, తప్పు మనదే" అన్నాడు. ఒక బ్రాకెట్ కోసి తిప్పి అతికించాం. కాబట్టి వెల్డ్ చేసేముందు బ్రాకెట్ మీద సుద్దతో "ఎడమ, పైన, ముందు" అని రాసుకోండి.

కొంచెం వేగం అందుకోగానే ముందు చక్రాలు గడగడా వణుకుతున్నాయి

బండిని ముందుపక్క స్టాండ్ మీద ఎత్తి, చక్రాన్ని పైన కింద పట్టుకుని ఊపండి. కదిలితే కింగ్ పిన్ బుష్‌లోగానీ చక్రం బేరింగ్‌లోగానీ ప్లే (వదులు) ఉంది. ఏదో తేలాలంటే ఇంకొకర్ని కింగ్ పిన్ మీద వేలు పెట్టమనండి, వేలికి తగిలితే బుష్, తగలకపోతే బేరింగ్. ఈసారి చక్రాన్ని ఎడమ కుడి పక్కల పట్టుకుని ఊపండి, అక్కడ ప్లే వస్తే టై రాడ్ ఎండ్‌లు, అంటే దాని కొనల్లోని గుండు జాయింట్లు, వదులైనట్టు.

పైపులో నేరుగా బోల్టు దూర్చి దాన్నే కింగ్ పిన్ అనుకునే అలవాటు మనలో చాలామందికి ఉంది. నాలుగు రోజుల్లో రంధ్రం కోడిగుడ్డు ఆకారంలోకి వస్తుంది. గన్‌మెటల్ బుష్ వేయించండి, 12 మిల్లీమీటర్ల 8.8 గ్రేడ్ బోల్టు వాడండి, బోల్టులో మర లేని నున్నటి భాగమే బుష్ మొత్తం పొడవునా ఉండేలా చూసుకోండి. పైకీ కిందికీ మిగిలిన ఖాళీకి వాషర్లు. ఆ బోల్టును మాత్రం దేనికీ వెల్డ్ చేయించకండి, దాని గట్టిదనమంతా వేడికి పోతుంది.

ప్లే ఏమీ లేకున్నా వణుకుతుంటే టో, అంటే ముందు చక్రాలు లోపలికో బయటికో చూస్తున్నాయా అన్నది, చూడండి. ముందు టైర్లు రెండిటికీ ఒక్కోదాని నడిమి గీతమీద, ముందువైపు, నేలకి యాక్సిల్ ఎంత ఎత్తులో ఉందో అంత ఎత్తులో సుద్ద చుక్క పెట్టి, చుక్కల మధ్య దూరం కొలవండి. బండిని తోసి చుక్కలు వెనక్కి, అదే ఎత్తుకి వచ్చాక మళ్లీ కొలవండి. ముందు కొలత వెనక కొలతకన్నా ఎక్కువుంటే చక్రాలు బయటికి చూస్తున్నట్టు. సమానంగా పెట్టుకోండి, లేదా ముందుపక్క ఒకటి రెండు మిల్లీమీటర్లు తక్కువ. స్టీరింగ్‌ను తిన్నగా కట్టేసి రెండు టై రాడ్‌లనూ సమానంగా తిప్పాలి, ఒక్కదాన్నే తిప్పితే స్టీరింగ్ వంకరగా కూర్చుంటుంది. తర్వాత రాడ్ తిరిగిపోకుండా ఆపే చెక్ నట్లు బిగించడం మర్చిపోవద్దు.

మలుపులో ముందు టైరు ఈడ్చుకుపోతోంది, నేలమీద నల్ల గీతలు

మలుపులో లోపలి చక్రం చిన్న వృత్తంలో, బయటిది పెద్ద వృత్తంలో తిరుగుతాయి. అందుకని లోపలిది ఎక్కువ తిరగాలి. ఈ ఉపాయం కార్లకన్నా పాతది. మ్యూనిక్‌లో గుర్రబ్బండ్లు చేసే లాంకెన్‌స్పెర్గర్ కనిపెడితే, 1818లో లండన్‌లో ఆకర్‌మన్ పేటెంట్ తీసుకున్నాడు, పేరు ఆయనకే మిగిలింది.

మన పనికి కావలసింది ఒక సుతిలి తాడు. కింగ్ పిన్ మధ్యనుంచి వెనక యాక్సిల్ నడిమధ్యకి తాడు లాగండి. స్టీరింగ్ ఆర్మ్‌కి (ముందు చక్రాన్ని తిప్పే చిన్న చేయి) టై రాడ్ తగిలే రంధ్రం ఆ తాడు కిందే రావాలి. లెక్కగా చూస్తే, కింగ్ పిన్‌ల మధ్య 900 మిల్లీమీటర్లు, ముందు వెనక యాక్సిళ్ల మధ్య 1200 ఉంటే, వెనక్కి చూసే 100 మిల్లీమీటర్ల ఆర్మ్ కొన దాదాపు 35 మిల్లీమీటర్లు లోపలికి ఉండాలి. ఆర్మ్‌లు ముందుకి చూస్తుంటే అంతే దూరం బయటికి, కానీ అక్కడ రిమ్ అడ్డొస్తుంది, అందుకే వెనక్కే మేలు. మనవాళ్లు చేసే తప్పు ఆర్మ్‌లను తిన్నగా వెనక్కి అతికించడం, అప్పుడు రెండు చక్రాలూ ఒకే కోణంలో తిరిగి ఒకటి ఈడ్చుకుపోతుంది. పై కొలతల ప్రకారం లోపలి చక్రం 30 డిగ్రీలు తిరిగితే బయటిది సుమారు 22 తిరగాలి. సరిచేయడానికి ఆర్మ్‌ను కోసి కోణం మార్చి అతికించడమే దారి, టై రాడ్ పొడవు మారిస్తే ఇది పోదు.

స్టీరింగ్ తిప్పినా బండి తిన్నగానే పోతోంది

వెనక ఒకటే యాక్సిల్, రెండు చక్రాలూ దానికే బిగించి ఉన్నాయా? అదే కారణం. మలుపులో వెనక చక్రాలు రెండూ ఒకే వేగంతో తిరగాలని మొండికేస్తాయి. రేసు కార్ట్‌లలో దీనికి విరుగుడు క్యాస్టరే. స్టీరింగ్ తిప్పగానే లోపలి ముందు చక్రం కిందికి దిగి, లోపలి వెనక చక్రాన్ని కొంచెం లేపుతుంది. క్యాస్టర్ పెంచి చూడండి, స్టీరింగ్ కాస్త బరువెక్కుతుంది. ఫ్రేమ్ మరీ బరువైతే ఇది పనిచేయదు, అప్పుడు ఒక వెనక చక్రాన్ని యాక్సిల్ మీద బేరింగ్‌తో వదులుగా తిరగనివ్వడం సులువు. కానీ బ్రేక్ యాక్సిల్‌కి ఉంటే ఆ చక్రానికి ఇక బ్రేక్ ఉండదు, గుర్తుంచుకోండి.

పూర్తిగా తిప్పితే అక్కడే ఇరుక్కుపోతోంది

ఇది ప్రమాదం, సరిచేసేదాకా ఎవర్నీ ఎక్కించకండి. స్టీరింగ్ రాడ్ కింద ఉండే ఆర్మ్, టై రాడ్ ఒకే గీతలోకి వచ్చేస్తే అది అవతలికి తిరగబడి తాళం పడినట్టు ఆగిపోతుంది. అంత దూరం పోకుండా స్టబ్ యాక్సిల్ (ముందు చక్రం ఎక్కే చిన్న ఇరుసు) దగ్గర రెండు పక్కలా స్టాపర్ ముక్కలు వెల్డ్ చేయించండి. టై రాడ్ ఎండ్‌ల మీద వాటి గుండు కన్నా పెద్ద వాషర్ వేయండి, గుండు ఊడినా రాడ్ బయటికి రాదు.

వెల్డ్ పక్కన పగుళ్లు

పగులు వెల్డ్‌లో కాదు, దాని పక్కన పైపులో వస్తే కరెంట్ ఎక్కువై అంచు కరిగి పలచబడినట్టు, లేదా అందంగా కనిపించాలని గ్రైండర్‌తో వెల్డ్‌ను చదును చేసినట్టు. 2 మిల్లీమీటర్ల గోడ ఉన్న ట్యూబ్‌కి 2.5 మిల్లీమీటర్ల 6013 వెల్డింగ్ రాడ్‌తో 60, 70 ఆంపియర్లు సరిపోతాయి. పగులు మీదే ఇంకో పూత పూయిస్తే వారంలో మళ్లీ వస్తుంది. పగులు చివర చిన్న రంధ్రం వేసి, పగులును గాడిలా తవ్వి, నింపి, మూలలో 3 మిల్లీమీటర్ల ప్లేట్‌తో త్రికోణం ముక్క పెట్టించండి.

పైపు కొనేటప్పుడు ఒకమాట: "ఒక ఇంచు పైపు" అంటే నీళ్ల పైపు ఇస్తే దాని బయటి కొలత 33 మిల్లీమీటర్లు దాటుతుంది, ట్యూబ్ అయితే 25. ఏది కావాలో బయటి కొలతతో అడగండి. జీఐ పైపు, అంటే జింక్ పూత ఉన్నది, వద్దు, వెల్డింగ్‌లో వచ్చే జింక్ పొగకి రాత్రి చలిజ్వరం వస్తుంది.

రోడ్డు మీదికి మాత్రం తీయకండి, దానికి రిజిస్ట్రేషన్ ఉండదు, పట్టుకుంటే పట్టుకున్నట్టే. గేటు ఉన్న ఖాళీ స్థలం చూసుకోండి. మొదటిసారి పది నిమిషాలు తిప్పాక ఆపి ప్రతి నట్టూ మళ్లీ బిగించి, నట్టు మీదనుంచి బోల్టు మీదికి తెల్ల పెయింట్‌తో ఒక గీత గీయండి. తర్వాత ఎప్పుడు వంగి చూసినా గీత విరిగి కనిపిస్తే ఆ నట్టు వదులైనట్టే.