తీపి పరిమళాలు – నాలుగో పాఠం: తీపికి పగ్గం

మూడో పాఠంలో వెనీలా గురించి చెప్పి, ఏదో ఒక వెనీలా పెర్ఫ్యూమ్ శాంపిల్ తెచ్చుకుని ఒక రోజంతా గమనించి రాయమన్నాను. చాలామంది శ్రద్ధగా రాశారు. కానీ ఎక్కువ ఉత్తరాల్లో ఒకటే మాట: “పది నిమిషాల్లో వాసన పోయిందండీ, మళ్ళీ కొట్టుకున్నాను.” కొందరు మూడోసారి కూడా కొట్టుకున్నారు. ఇంకొందరు రాసింది దీనికి పూర్తిగా ఎదురు. “తల దిమ్మెక్కింది, రాత్రి స్నానం చేసేదాకా వదల్లేదు” అని. ఈ రెండు ఫిర్యాదులూ ఒకే శాంపిల్ మీద రావచ్చు, ఒకే మనిషి దగ్గర్నుంచీ రావచ్చు.

అందుకని ఈసారి చెబుదామనుకున్న పీచుమిఠాయి వాసన కాసేపు ఆగాలి. ఈ చిక్కు తేలకుండా ముందుకు వెళితే, ఇకపై నేను చెప్పేదేదీ మీ ముక్కుకు అందదు.

వాసన పోలేదు. మీ ముక్కు దానికి అలవాటు పడిపోయింది. ఒకే వాసన ఆగకుండా, ఒకే మోతాదులో తగులుతూ ఉంటే కొద్ది నిమిషాల్లోనే మెదడు దాన్ని లెక్కలోంచి తీసేస్తుంది. మన ఇంటి వాసన మనకు తెలియదు. పది రోజులు ఊరెళ్ళి వచ్చి తలుపు తాళం తీసిన క్షణంలో మాత్రం తెలుస్తుంది, అదీ కాసేపే. ఇంగువ పోపు పెట్టినవాళ్ళకు ఆ ఘాటు తెలియకపోయినా, మెట్లెక్కి వస్తున్నవాళ్ళకు తెలుస్తుంది. ఇది అన్ని వాసనలకూ జరిగేదే. తీపి పెర్ఫ్యూమ్‌ల దగ్గర మాత్రం మరీ ఎక్కువగా మోసం చేస్తుంది. కారణం చెబుతాను, దయచేసి ఇది ఒకటికి రెండుసార్లు చదవండి.

నిమ్మ, నారింజ లాంటి వాసనలు తేలికైనవి, త్వరగా ఆవిరైపోతాయి. వాటి మోతాదు నిమిష నిమిషానికీ మారుతుంది కాబట్టి ముక్కు మెలకువగా ఉంటుంది. గంట గడిచాక “పోయింది” అంటే అవి దాదాపు నిజంగానే పోయినట్టు. వెనీలా వాసనకు మూలమైన వెనిలిన్ అలాంటిది కాదు. అది చాలా నెమ్మదిగా ఆవిరవుతుంది. కాగితం మీద చుక్క వేస్తే రోజుల తరబడి ఉంటుంది. హెచ్చూ తగ్గూ లేకుండా అదే మోతాదు గంటల కొద్దీ తగులుతుంది. ముక్కు అలవాటు పడిపోవడానికి ఇంతకన్నా అనువైన వాసన లేదు. అలాంటిదాన్ని మీరు మెడ మీద, అంటే సరిగ్గా ముక్కు కింద కొట్టుకున్నారు. పది నిమిషాల్లో మీకు తెలియకుండా పోయింది. మళ్ళీ కొట్టారు, మళ్ళీ పోయింది, మూడోసారీ కొట్టారు. ఇప్పుడు మీ ఒంటి మీద ఉన్నది మూడు రెట్లు. మీకు తెలియదు, లిఫ్టులో పక్కన నిలబడ్డ మనిషికి తెలుసు. ఏసీ గదిలో కూర్చున్న సహోద్యోగికి ఇంకా బాగా తెలుసు. ఆ తల దిమ్ము కూడా చాలాసార్లు ఇందులోంచి వచ్చినదే.

కాబట్టి ఈ పాఠాలు నడిచినంత కాలం మెడ మీద వద్దు. మోచేతి లోపలి వైపు ఒక్క స్ప్రే, అంతే. పోయిందనిపిస్తే మళ్ళీ కొట్టకండి. బయటికి వెళ్ళి, పెర్ఫ్యూమ్ లేని గాలిలో ఇరవై నిమిషాలు తిరిగి రండి. తర్వాత మోచేయి వాసన చూడండి. ఇంకో పద్ధతి ఉంది, నాకు ఇదే ఎక్కువ ఇష్టం. అదే పెర్ఫ్యూమ్‌ని ఉతికిన పాత చేతిరుమాలు మీద ఒకసారి కొట్టి, మీరు మసలని గదిలో వేలాడదీయండి. గంటకోసారి ఆ గదిలోకి వెళ్ళండి. తలుపు తీయగానే తగిలే మొదటి వాసనే పెర్ఫ్యూమ్ అసలు స్థితి. మీ ఒంటి మీద మీకు తెలిసేదాన్ని నమ్మకండి.

షాపుల్లో కాఫీ గింజల గిన్నె పెట్టి “ఇది వాసన చూస్తే ముక్కు శుభ్రమవుతుంది” అంటారు. అవదు. మామూలు గాలి పీల్చినా అంతే ఫలితం. పైగా మనం నేర్చుకునే ఈ కుటుంబంలో కాఫీ అనేది స్వయంగా ఒక నోట్, అంటే పెర్ఫ్యూమ్‌లో విడిగా తెలిసే ఒక వాసన. తీపి పెర్ఫ్యూమ్‌లు పోల్చడానికి వెళ్ళి మధ్యలో కాఫీ పీల్చితే, తర్వాత చూసే రెండు మూడు సీసాల్లోనూ లేని కాఫీ వెతుక్కుంటారు. మీ చొక్కా చేతిని వాసన చూడండి, చాలు.

ఇంకొకటి, తెల్ల బట్టలు. ఒకరు తెల్ల లాల్చీ మీద గోధుమరంగు మరక పడిందని రాశారు. వెనిలిన్ ఎక్కువున్న పెర్ఫ్యూమ్ కాలంతో పాటు గోధుమ రంగుకు తిరుగుతుంది, సీసాలోనూ బట్ట మీదా. సీసాలో ద్రవం ముదురు రంగుకు మారినంత మాత్రాన పాడైపోయినట్టు కాదు. తెల్లబట్ట మీద, పట్టు మీద మాత్రం కొట్టకండి.

ఇక అసలు పాఠం. 

పెర్ఫ్యూమ్‌లో తీపి కొత్తది కాదు. 1889లో గెర్లాన్ అనే ఫ్రెంచ్ పెర్ఫ్యూమ్ సంస్థ తెచ్చిన జికీలో వెనిలిన్, ఎండుగడ్డి వాసన వచ్చే కూమరిన్ ఉన్నాయి. 1925 నాటి షాలిమార్‌లో వెనిలిన్ కన్నా రెండు మూడు రెట్లు ఘాటైన ఇథైల్ వెనిలిన్ ఉంది. అయినా వాటిని వాసన చూసి ఎవరికీ నోరూరదు. అక్కడ తీపి వెనకాల నిలబడి ఉంటుంది. తీపిని, అందులోనూ మిఠాయి దుకాణం తీపిని, ముందుకు తెచ్చి నిలబెట్టింది 1992లో వచ్చిన ఏంజెల్. త్యెరీ ముగ్లేర్ అనే ఫ్రెంచ్ ఫ్యాషన్ డిజైనర్ తన చిన్ననాటి తిరునాళ్ళ మిఠాయిల జ్ఞాపకం సీసాలో కావాలన్నాడు. పెర్ఫ్యూమర్ ఒలివియే క్రెస్ప్ ఇథైల్ మాల్టాల్ అనే తెల్లటి పొడిని అప్పటిదాకా ఎవరూ వాడనంత ధైర్యంగా వాడాడు. తినుబండారాల తయారీవాళ్ళకు అది అంతకుముందే తెలిసిన సరుకు. గులాబీరంగు పీచుమిఠాయి తిప్పుతున్న బండి పక్కన నిలబడితే వచ్చే వాసన అది. గూర్మాండ్ పెర్ఫ్యూమ్‌లు అని ఇవాళ మనం పిలిచే, తినే వస్తువుల వాసన వచ్చే కుటుంబమంతా దాదాపు అక్కడి నుంచే మొదలైంది.

ఏంజెల్ నిలబడింది పీచుమిఠాయి వల్ల కాదు. ఇథైల్ మాల్టాల్ ఒక్కటీ వాసన చూస్తే మొదటి నిమిషం ముచ్చటేస్తుంది, ఐదో నిమిషానికి మొహం మొత్తుతుంది. క్రెస్ప్ దానికి ఎదురుగా ప్యాచౌలీ అనే ఆకు వాసనను పెట్టాడు, అదీ బోలెడంత. ప్యాచౌలీ అంటే తడిమట్టి, పాత చెక్క బీరువా, కొంచెం కర్పూరం. ఏ రకంగానూ తినే వస్తువు వాసన కాదు. తీపి ముందుకు తోస్తుంటే ఇది వెనక్కి లాగుతుంది. ఆ లాగులాటే ఏంజెల్. కొట్టుకున్న గంట తర్వాత వాసన చూస్తే ఒక పీల్పులో మిఠాయి, మరుసటి పీల్పులో మట్టి తగులుతాయి.

మంచి తీపి పెర్ఫ్యూమ్‌కీ, మొహం మొత్తే పెర్ఫ్యూమ్‌కీ తేడా చెప్పమంటే నేను చూసేది ఒక్కటే, ఇందులో తీపిని ఆపేది ఏది? తీపి ఎంత ఉందన్నది నాకు రెండో సంగతి.

1996 నాటి ‘ఏ మెన్’ అనే పెర్ఫ్యూమ్‌లో ఆపేది తారు, కాఫీ. 1997 నాటి లోలితా లెంపికాలో అతిమధురం. దాని అడుగున ఒక చేదు ఉంటుంది, అది తీపిని జిడ్డు కానివ్వదు. టామ్ ఫోర్డ్ టొబాకో వెనీల్‌లో ఎండిన పొగాకు. ఈ పొగాకు సంగతి తెలుగువాళ్ళకు ఎక్కువ చెప్పక్కర్లేదు. గుంటూరు, ప్రకాశం జిల్లాల్లో పొగాకు బేళ్ళు పేర్చిన గోడౌన్ పక్కగా నడిచినవాళ్ళకు అందులో ఎండుగడ్డి, తేనె, కిస్‌మిస్ కలిసిన తీపి ఉంటుందని తెలుసు. కాలిన పొగ వాసన వేరు, ఈ ఆకు వాసన వేరు. టొబాకో వెనీల్‌లో ఉన్నది ఆకు. లా వీ ఎ బెల్‌లో ప్రాలిన్‌ని, అంటే చక్కెర పాకం పట్టిన గింజల తీపిని, ఆపేది ఐరిస్, అంటే పౌడరు డబ్బా తెరిచినప్పటి పొడితనం, దానికి తోడు ప్యాచౌలీ. బ్లాక్ ఓపియమ్‌లో కాఫీ. నా ముక్కుకు మాత్రం అక్కడ కాఫీ చాలలేదు, ఇంకాసేపు నిలబడాల్సింది. మన కుర్రవాళ్ళు ఇప్పుడు విరివిగా కొంటున్న దుబాయ్ సీసా ఖమ్రాలో ఖర్జూరం తీపిని దాల్చినచెక్క కొంతవరకు అదుపులో పెడుతుంది. దాన్ని డిసెంబరులో వాడండి. మే నెలలో విజయవాడ ఎండకు ఏ తీపి పెర్ఫ్యూమ్ అయినా రెట్టింపుగా పైకి లేస్తుంది, ఖమ్రా అయితే మరీను.

ప్రాడా క్యాండీని విడిగా చెప్పాలి. 2011లో దానియెలా ఆంద్రియే చేసింది. క్యారమెల్‌కి ఎదురుగా ఆమె పెట్టింది బెంజోయిన్, అంటే మన సాంబ్రాణి. సాంబ్రాణి అనగానే పొగ గుర్తొస్తుంది, కానీ ఇక్కడ పొగ లేదు. పూజ సామాన్ల కొట్టులో కడ్డీలు, కప్పులు కాకుండా ముద్ద సాంబ్రాణి అడిగి తీసుకోండి. వెలిగించకండి. గోళీ అంత ముక్కను చితక్కొట్టి, అరచేతిలో వేడెక్కనిచ్చి వాసన చూడండి. వెనీలా వస్తుంది, దాని వెనకాల మందుల షాపు వాసన లాంటిది కొంచెం వస్తుంది. ఆ మందు వాసనే క్యాండీలో తీపికి పగ్గం వేసేది. గూర్మాండ్ నేర్చుకునేవాళ్ళకు మొదట ఏది చూడాలంటే నేను ఏంజెల్ కన్నా ముందు దీన్నే చెబుతాను. ఏంజెల్ గట్టిగా మాట్లాడుతుంది, క్యాండీలో రెండు పక్షాలూ నెమ్మదిగా వినిపిస్తాయి.

డబ్బా మీద, వెబ్‌సైట్‌లో “క్యారమెల్, ప్రాలిన్, ఖర్జూరం” అని రాసి ఉంటే లోపల అవి పోశారని అనుకోకండి. అవి వాసన ఎలా ఉంటుందో చెప్పే పేర్లు. లోపల ఉన్నవి ఇథైల్ మాల్టాల్, పాలు, పళ్ళ లాంటి వాసన ఇచ్చే ల్యాక్టోన్లు, వెనిలిన్ వగైరాలు. 100 మిల్లీలీటర్ల సీసా జోలికి ఇప్పుడే పోవద్దు. 2 నుంచి 5 మిల్లీలీటర్ల డీకాంట్లు, అంటే పెద్ద సీసాలోంచి చిన్న సీసాల్లోకి పోసినవి, చాలు.

ఇక అభ్యాసం. ఈసారి పెద్దది, వంటింట్లో చేయాలి. పిల్లల్ని దూరంగా ఉంచండి, పాకం చర్మానికి అంటుకుంటే వదలదు.

మందపాటి గిన్నెలో నాలుగు చెంచాల పంచదార, నీళ్ళు పోయకుండా, సన్నని సెగ మీద పెట్టండి. పక్కన కాగితం, పెన్ను. పంచదారకు అసలు వాసన లేదని ముందు గమనించండి. నాలుక మీద తీపి వేరు, ముక్కుకు తగిలే తీపి వేరు. కాసేపటికి కరగడం మొదలవుతుంది. తేనె రంగుకు వచ్చినప్పుడు పీచుమిఠాయి, దాని పక్కన వెన్న లాంటి వాసన లేస్తాయి. రాయండి. టీ డికాషన్ రంగుకు వచ్చినప్పుడు పీచుమిఠాయి వెనక్కి తగ్గి, వేయించిన పప్పుల వాసన వస్తుంది. రాయండి. ఇంకా ముదిరితే చేదు మొదలవుతుంది, కాఫీ గుర్తొస్తుంది. ఇక్కడ స్టవ్ ఆపండి. గిన్నె వేడికే అది ఇంకొంచెం ముదురుతుంది, చివరికి మాడు వాసన అంచు దాకా వెళ్ళి ఆగుతుంది. ఆ చివరి అర నిమిషం వదలకండి. పంచదార తన తీపిని తానే ఆపుకుంటున్న చోటు అది. మంచి క్యారమెల్ నోట్ అంటే ఈ చేదు అంచు మిగిలినదని నా అభిప్రాయం. తేనె రంగు దగ్గరే ఆగిపోయినవి పిల్లల చాక్లెట్ కాగితం వాసనగా మిగిలిపోతాయి.

మర్నాడు మెంతులు. ఒక చెంచాడు దోరగా వేయించి, చల్లార్చి, దంచి ఒక సీసాలో వేయండి. ఇంకో సీసాలో ముదురు రంగు బెల్లం చిదిపి వేయండి. రెండూ పక్కపక్కన పెట్టి వాసన చూడండి. మెంతుల వాసనకు ముఖ్య కారణమైన సొటొలాన్ అనే పదార్థం శుద్ధి చేయని చెరకు చక్కెరలోనూ ఉంటుంది. ఎక్కువ మోతాదులో కూర పొడిలా, అతి తక్కువలో కాలిన చక్కెరలా తోస్తుంది. మెంతి సీసా మూత తీసి ముక్కు దగ్గర పెట్టుకుంటే ఒక వాసన, చేయి చాచినంత దూరంలో ఉంచి చూస్తే ఇంకో వాసన. ఆ దూరంలో బెల్లం దొరికేదాకా ప్రయత్నించండి. మొదటి రోజే దొరక్కపోవచ్చు, మూడు రోజులు చేయండి.

ఆ తర్వాతే పెర్ఫ్యూమ్. పైన చెప్పినవాటిలో ఏదైనా ఒక్కటి, మోచేతి మీద ఒక స్ప్రే, చేతిరుమాలు మీద ఒక స్ప్రే. పదిహేను నిమిషాలకు, గంటకు, నాలుగు గంటలకు, మర్నాడు పొద్దున రాయండి. ప్రతిసారీ రెండు విషయాలే కావాలి. తీపి మీ పాకంలోని ఏ రంగు దగ్గరిది? దాన్ని ఆపుతున్నది ఏది? “బాగుంది”, “తియ్యగా ఉంది”, “కమ్మగా ఉంది” అనే మాటలు వాడకూడదు. ఆపేది ఏదీ దొరక్కపోతే దొరకలేదని రాయండి, అది కూడా సరైన జవాబే. పెర్ఫ్యూమ్ పేరు, ఆ రోజు ఎండా వానా, గదిలో ఏసీ ఉందో లేదో తప్పకుండా రాయండి.

ఐదో పాఠం కాఫీ మీద. ఫిల్టర్ కాఫీ పొడి, ఇన్‌స్టంట్ పొడి కొంచెం కొంచెం వేరు వేరు గాజు సీసాల్లో దాచి ఉంచండి. చికోరీ కలిసిన పొడి అయితే సీసా మీద ఆ సంగతి రాయండి.