పౌలు వెంట ఉన్నవాళ్లకు స్వరం వినబడిందా, లేదా?

ముందు రెండు వచనాలూ పక్కపక్కన పెట్టుకోండి. దమస్కు దారిలో యేసు పౌలుతో మాట్లాడినప్పుడు, పౌలు వెంట ఉన్నవాళ్లు ఆ స్వరం విన్నారని బైబిల్లో అపొస్తలుల కార్యములు 9:7, వినలేదని 22:9. టెన్షన్ వద్దు. తిరుపతి బస్టాండులో మైకు మోగుతూనే ఉంటుంది, చెవిలో పడుతూనే ఉంటుంది, కానీ పీలేరు బస్సు ఎక్కడ ఆగిందో ఒక్క ముక్క అర్థం కాదు, చివరికి పూలమ్మే అక్కనే అడగాలి.

ఇక ‘విను’ అనే మాట పట్టుకోండి. ‘మావాడు చెప్తే వినడు’ అంటే చెవుడని కాదుగా! ఆ వచనాల్లోని గ్రీకు మాట ‘అకూవో’ కూడా అంతే, వినడం, గ్రహించడం రెండూ; అంటే శబ్దం చెవిన పడింది, మాటలు అర్థం కాలేదు. ఆ రెండుచోట్లా ‘స్వరం’ విభక్తి వేరు, అయితే దానిమీదే వాదన నిలబెట్టకండి, పండితులందరూ ఒప్పుకోరు. తర్వాత యోహాను 12:29 తీయండి: అక్కడా ఆకాశం నుంచి స్వరమే, కొందరికి ఉరుములా వినబడింది.