వానలకు ముందు లిఫ్ట్ చేసిన థార్: టైర్లు, షాక్‌ల ఎంపికలో జాగ్రత్తలు

మృగశిర కార్తె రాకముందే బండి కింద పని ముగించుకోవాలి. నాలుగు వానలు పడ్డాక మారేడుమిల్లి, పాడేరు, వికారాబాద్ అనంతగిరి వైపు మట్టిదారుల్లో ఎక్కడ నేల గట్టిగా ఉందో, ఎక్కడ దిగబడుతుందో పైకి చూసి చెప్పలేం. టైరు మడ్‌గార్డుకి రాసుకుంటోందనో, షాక్ (స్ప్రింగు ఊపును ఆపే షాక్ అబ్జార్బర్) మౌంటింగ్ ఊడిందనో అక్కడ తెలిస్తే చేయగలిగేది ఏమీ ఉండదు. ఇక్కడి కొలతలు 2020 అక్టోబరులో వచ్చిన మూడు డోర్ల మహీంద్రా థార్‌వి. మారుతీ సుజుకీ జిమ్నీకి తేడా ఉన్నచోట విడిగా చెబుతాం.

అందరూ పొరబడే విషయం ఒకటుంది. లిఫ్ట్ కిట్ (బండిని ఎత్తు చేసే స్ప్రింగులు, స్పేసర్ల సెట్) వేస్తే లేచేది బాడీ, ఛాసిస్. వెనుక యాక్సిల్ ఉన్నచోటే ఉంటుంది. థార్ వెనుక భాగం ఒకే దూలంలాంటి యాక్సిల్, దాని నడుమ డిఫరెన్షియల్ గుండు. దారిలో బండరాయికి ముందుగా తగిలేది ఆ గుండే. రెండంగుళాలు కాదు, నాలుగు అంగుళాలు లిఫ్ట్ చేసినా అది వెంట్రుకంత కూడా లేవదు. దాన్ని లేపగలిగేది టైరు ఒక్కటే, అదీ పెరిగిన ఎత్తులో సగమే.

లెక్క చూడండి. కంపెనీ టైరు 255/65 ఆర్18 (వెడల్పు మి.మీ.లో, పక్కగోడ ఎత్తు అందులో శాతంగా, రిమ్ము అంగుళాల్లో) ఎత్తు 789 మిల్లీమీటర్లు. 265/70 ఆర్17 వేస్తే 803, అంటే యాక్సిల్ లేచేది 7 మి.మీ. 285/70 ఆర్17 వేస్తే 831, యాక్సిల్ 21 మి.మీ. లేస్తుంది. ఈ రెండో సైజులో చక్రం ఒక్క చుట్టుకి వెళ్లే దూరం 5 శాతం పైగా పెరుగుతుంది. మీటరులో 80 చూపిస్తున్నప్పుడు బండి అంతకుముందు కంటే గంటకు 4 కి.మీ. ఎక్కువగా పోతుంటుంది. ఇంజిన్ మీద ఆ మేరకు భారం పెరుగుతుంది, బ్రేకు ఆపాల్సిన చక్రం బరువూ పెరుగుతుంది. జిమ్నీకి కంపెనీ టైరు 195/80 ఆర్15, ఎత్తు 693. 215/75 ఆర్15 వేస్తే 704. అంత తేలికైన బండికి చాలామంది విషయంలో ఇదే చాలు.

అందుకే వరుస ఇలా ఉండాలి: ముందు టైరు సైజు తేల్చుకోండి, ఆ టైరు తిరగడానికి ఎంత చోటు కావాలో అంతే లిఫ్ట్ చేయండి, ఆ లిఫ్టుకి సరిపోయే పొడవున్న షాక్ తీసుకోండి. దుకాణాల్లో సాధారణంగా జరిగేది దీనికి తలకిందులు.

మడ్ టైరా, ఆల్ టెర్రయినా?

వానాకాలం అనగానే మడ్ టెర్రయిన్ (బురద కోసం చేసిన టైరు) వైపు మనసు లాగుతుంది. మా సలహా మాత్రం ఆల్ టెర్రయినే (తారుకీ మట్టికీ పనికొచ్చే టైరు). మడ్ టైరు మీద పెద్ద గడ్డలు, లోతైన గాళ్లు ఉంటాయి కానీ గడ్డల మీద సన్నటి కోతలు తక్కువ. తడి తారు మీద పట్టునిచ్చేవి ఆ కోతలే. హైదరాబాద్ నుంచో విశాఖ నుంచో బయల్దేరే బండి దారిలో ఎక్కువ భాగం తారు మీదే పోతుంది. ప్రాణం మీదకొచ్చేది కూడా అక్కడే, ఆ వేగంలోనే. ఏడాది పొడవునా తోటల్లో, పొలాల్లో తిరిగే బండికైతే మడ్ టైరు న్యాయమే.

నల్లరేగడి సంగతి వేరు. కర్నూలు, ఆదిలాబాద్ వైపు రేగడి తడిస్తే ఏ టైరు గాళ్లయినా పూడిపోయి చక్రం నున్నగా తయారవుతుంది. మడ్ టైరు ఆ మట్టిని విదిలించుకోవాలంటే చక్రం వేగంగా తిరగాలి. చెరువు కట్ట మీదో, లోయ అంచునో అలా తిప్పితే బండి పక్కకు జారుతుంది. వెడల్పు ఎక్కువైతే మేలనుకోవడమూ పొరపాటే. ఎత్తుగా, సన్నగా ఉండే ఎడ్లబండి చక్రం బురదను కోసుకుని కింద గట్టి నేలను అందుకుంటుంది. వెడల్పు టైరు తడి రోడ్డు మీద కూడా నీటిపై తేలడానికి తొందరపడుతుంది.

టైరు పక్కన రాసి ఉన్నవి చదవండి. లోడ్ ఇండెక్స్ (టైరు మోయగల బరువును సూచించే అంకె) 108 అంటే ఒక్కో టైరు 1000 కిలోలు మోస్తుంది, 112 అంటే 1120. కంపెనీ టైరు మీదున్న అంకె కంటే తక్కువది వద్దు. డాట్ (DOT) అనే అక్షరాల వెంట వచ్చే కోడ్‌లో చివరి నాలుగు అంకెలు తయారైన వారం, సంవత్సరం: 1425 అంటే 2025లో 14వ వారం. ఎల్‌టీ (లైట్ ట్రక్) రకం, లోడ్ రేంజ్ 'E' అని రాసి ఉన్న టైర్లకు పక్కగోడ దృఢంగా ఉంటుంది, రాయి కోత తట్టుకుంటుంది. కానీ బరువెక్కువ, అదే భారానికి గాలి ఎక్కువ కావాలి. జిమ్నీకి అవి అనవసరం. చట్టం ప్రకారం గాడి లోతు 1.6 మి.మీ. ఉంటే చాలు. వానల్లో ఘాట్ ఎక్కే బండికి 4 మి.మీ. కంటే తగ్గితే మార్చేయండి.

స్టెప్నీ కూడా అదే సైజు ఉండాలి. వేరే ఎత్తు టైరుతో ఫోర్ వీల్ వేస్తే ట్రాన్స్‌ఫర్ కేసు (ముందు, వెనుక యాక్సిళ్లకు శక్తి పంచే గేర్ల పెట్టె) మీద మెలి పడుతుంది. థార్ స్టెప్నీ వెనుక తలుపు మీద వేలాడుతుంది కాబట్టి, బరువైన టైరు పెట్టాక తలుపు కీళ్లు కిందికి వాలుతున్నాయేమో చూసుకోండి.

గాలి విషయంలో, బురద దారిలో 18 నుంచి 20 పీఎస్ఐ (గాలి పీడనం కొలత) వరకు దించవచ్చు. మామూలు రిమ్ముతో 15 కంటే కిందికి వెళ్తే టైరు అంచు రిమ్ము నుంచి ఊడిరావచ్చు. తారు రోడ్డెక్కగానే మళ్లీ నింపాలి, దీన్ని వాయిదా వేయొద్దు. విమానాల టైర్ల కోసం నాసా వాడిన పాత సూత్రం ప్రకారం 32 పీఎస్ఐ టైరు నిలిచిన నీటి మీద గంటకు సుమారు 94 కి.మీ. దగ్గర తేలుతుంది, 18 పీఎస్ఐ అయితే 70 దగ్గరే. అరిగిన టైరు ఇంకా ముందే తేలుతుంది.

షాక్: కొలవకుండా కొనొద్దు

స్ప్రింగు పొడవైనది వేసి పాత షాక్ ఉంచేస్తే, చక్రం గుంతలోకి జారిన ప్రతిసారీ షాక్ పూర్తిగా సాగి యాక్సిల్ బరువంతా దాని మీద పడుతుంది. లోపలి సీలు పోతుంది, లేదా పై మౌంటింగ్ చీలుతుంది. పొడవు ఎక్కువైన షాక్ వేసినా తప్పే: బంప్ స్టాప్ (యాక్సిల్ పైకి లేచే హద్దు దగ్గర ఉండే రబ్బరు దిమ్మ) తగలకముందే షాక్ పూర్తిగా ముడుచుకుపోయి కడ్డీ వంగుతుంది.

వెనుక కొలత ఇలా తీయండి. ఛాసిస్‌ని గట్టి స్టాండ్ల మీద నిలిపి, స్ప్రింగు తీసేసి, యాక్సిల్‌ని జాకీతో బంప్ స్టాప్ బాగా నొక్కుకునే దాకా లేపండి. అప్పుడు పై, కింది షాక్ బోల్టుల మధ్య దూరం కొలవండి. మీరు కొనే షాక్ ముడుచుకున్న పొడవు దానికంటే 15 నుంచి 20 మి.మీ. తక్కువుండాలి. తర్వాత జాకీ నెమ్మదిగా దించుతూ బ్రేకు గొట్టం, ఏబీఎస్ వైరు, హ్యాండ్‌బ్రేకు కేబుల్ చూడండి. వీటిలో ఏది ముందు బిగుసుకుంటే అదే మీ హద్దు. షాక్ సాగే పొడవు ఆ హద్దు లోపే ఆగాలి.

థార్ ముందు భాగం ఇండిపెండెంట్ సస్పెన్షన్, అంటే రెండు చక్రాలూ విడివిడిగా కదులుతాయి. స్ట్రట్ (స్ప్రింగు, షాక్ కలిసిన భాగం) పైన ఒక అంగుళం స్పేసర్ (ఎత్తు పెంచే దిమ్మ) పెడితే చక్రం దగ్గర ఇంచుమించు రెండంగుళాలు వస్తుంది, ఎందుకంటే చక్రాన్ని ఛాసిస్‌కి కలిపే ఆర్మ్ మధ్యలో స్ట్రట్ ఉంటుంది, చివర చక్రం ఉంటుంది. ఇది తెలియక రెండంగుళాల స్పేసర్ పెడితే యాక్సిల్ జాయింట్ల కోణం పెరిగి వాటిని కప్పే రబ్బరు బూట్లు చిరుగుతాయి. చిరిగిన బూటులోకి బురదనీళ్లు పోతే జాయింట్ ఎక్కువకాలం నిలవదు. చక్రం దగ్గర రెండంగుళాలు దాటొద్దు.

రకం విషయంలో, తేలికగా నడిపే బండికి మంచి ట్విన్ ట్యూబ్ షాక్ (గొట్టంలో గొట్టం ఉండేది) చాలు. బరువైన టైర్లతో గంటల తరబడి గతుకుల్లో పోయేవారికి మోనోట్యూబ్ (ఒకే గొట్టం ఉండేది) మేలు: నైట్రోజన్, ఆయిల్ వేర్వేరు గదుల్లో ఉంటాయి కాబట్టి ఆయిల్ నురగెత్తదు, వేడి తొందరగా బయటికి పోతుంది. దాని పైగొట్టానికి రాయి తగిలి సొట్టపడితే మాత్రం పిస్టన్ ఇరుక్కుంటుంది. ట్విన్ ట్యూబ్‌ని బిగించే ముందు నిలువుగా పట్టుకుని నాలుగైదు సార్లు పూర్తిగా సాగదీసి నొక్కండి, లోపలి గాలి పోతుంది. స్టీలు బంపరు, విన్చ్ (బండిని తాడుతో లాగే యంత్రం), పైన క్యారియర్ ఉంటే ఆ బరువు షాపులో ముందే చెప్పండి. స్ప్రింగు గట్టిదైతే అది ఒక్కసారిగా ఎగదన్నకుండా పట్టే శక్తి షాక్‌కీ ఉండాలి.

బిగించేటప్పుడు గ్యారేజీలో జరిగే పెద్ద తప్పు: బండి గాల్లో ఉండగానే ఆర్మ్ బుష్ (ఆర్మ్ కీలు దగ్గరి రబ్బరు తొడుగు) బోల్టులు పూర్తిగా బిగించేయడం. చక్రాలు నేలకి ఆనగానే రబ్బరు మెలితిరిగి, కొన్ని నెలల్లోనే చీలుతుంది. బరువు చక్రాల మీద పడ్డాకే చివరి బిగింపు.

ఆ తర్వాత వీల్ అలైన్‌మెంట్, హెడ్‌లైట్ల దించుడు. జిమ్నీలో రెండు యాక్సిళ్లూ దూలాలే కాబట్టి లిఫ్టుతో క్యాస్టర్ (స్టీరింగ్ ఇరుసు వెనక్కి వాలిన కోణం) తగ్గి స్టీరింగ్ వణుకు రావచ్చు. క్యాస్టర్ బుష్‌లు, సరిచేసుకునే ప్యాన్‌హార్డ్ రాడ్ (యాక్సిల్ పక్కకు జరగకుండా పట్టే కడ్డీ) ముందే ఖర్చులో వేసుకోండి. ఒక చక్రాన్ని దిమ్మె మీదికెక్కించి స్టీరింగ్ రెండువైపులా చివరికంటా తిప్పి ఎక్కడైనా రాసుకుంటోందా చూడండి. ఖాళీ నేల మీద రాసుకోనిది దిమ్మె మీద రాసుకుంటుంది.

కాగితాల సంగతి మరిచిపోవద్దు. మోటారు వాహనాల చట్టం సెక్షన్ 52 ఆర్సీలోని వివరాలు తయారీదారు నిర్దేశించిన వాటికి భిన్నమయ్యేలా మార్పులు చేయనివ్వదు. 182ఎ(4) కింద ఒక్కో మార్పుకి 5000 రూపాయల జరిమానా, ఆరు నెలల వరకు జైలు, లేదా రెండూ. పని మొదలుపెట్టే ముందే ఆర్టీఓ ఆఫీసులో, బీమా కంపెనీలో రాతపూర్వకంగా అడగండి.

కొత్త టైర్లు వేశాక 100 కి.మీ. దగ్గర చక్రాల నట్లు, 500 దగ్గర సస్పెన్షన్ బోల్టులు మళ్లీ బిగించండి. గతుకు దారిలో అరగంట నడిపాక దిగి, నాలుగు షాక్‌ల దగ్గర చెయ్యి పెట్టి చూడండి. మూడు వెచ్చగా ఉండి ఒకటి చల్లగా ఉంటే ఆ ఒకటి పని చేయట్లేదు.