చవక పెల్లెట్లతో ఎయిర్ పిస్టల్ సాధన: గురి ఎక్కడ తప్పుతోంది?

నెల్లూరు, కావలి, ఒంగోలు ఎక్కడైనా 10 మీటర్ల ఎయిర్ పిస్టల్ నేర్చుకునేవారికి పిస్టల్ ఖర్చు ఒక్కసారే, పెల్లెట్ల (చిన్న సీసం గుళ్ల) ఖర్చు మాత్రం ఆగదు. పోటీలో 60 షాట్లు. రోజూ అన్ని కాలిస్తే 500 పెల్లెట్ల డబ్బా ఎనిమిది రోజులకే ఖాళీ. అందుకే సాధనకు చవక రకం కొనడం సబబే. అయితే గురి చెదిరినప్పుడు తప్పు పెల్లెట్‌దా, చేతిదా అన్నది ముందు తేల్చుకోవాలి.

సమస్య: నాలుగు ఒకచోట పడి ఐదోది దూరంగా పోతోంది

పిస్టల్‌ను ఇసుక సంచి మీద ఆనించి, 10 మీటర్ల నుంచి టార్గెట్ కార్డుకు 5 షాట్ల చొప్పున నాలుగు కార్డులు కాల్చండి. ఒక్కో కార్డులో రంధ్రాలన్నీ బయటి అంచు నుంచి బయటి అంచుకు 10 మి.మీ. లోపు ఉంటే పెల్లెట్‌లో దోషం లేదు. పది పాయింట్ల వలయం వ్యాసమే 11.5 మి.మీ. కదా. అప్పుడు చూసుకోవాల్సింది పట్టు, ట్రిగ్గర్ నొక్కే తీరు. అంతకంటే చాలా వెడల్పుగా చెదిరితే డబ్బా తెరిచి చూడాలి.

చవక డబ్బాల్లో రెండు లోపాలు ఎక్కువ. ఒకటి, పెల్లెట్ వెనక పల్చటి అంచు రవాణాలో సొట్టపోవడం. ఆ అంచే బ్యారెల్‌లో గాలిని అడ్డుకుంటుంది. అది వంకరైతే గాలి ఒక పక్క నుంచి జారిపోయి పెల్లెట్ పక్కకు తిరుగుతుంది. రెండోది, తల వ్యాసం ఒకేలా లేకపోవడం. తెల్ల పళ్లెంలో పోసి, వెలుతురులో చూసి సొట్టవాటిని తీసేయండి. మిగిలినవాటిని గాజు పలక మీద దొర్లిస్తే మంచివి ఒకే వంపులో సాఫీగా తిరుగుతాయి, వంకరవి ఎగుడుదిగుడుగా పోతాయి. ఏరాక లెక్క వేయండి: 500 రూపాయల డబ్బాలో 100 పనికిరాకపోతే ఒక్కోటి పడింది రూపాయికి కాదు, రూపాయి పావలాకు. కాస్త ఖరీదైన డబ్బానే అప్పుడు చవక.

మంచి తయారీదారులు డబ్బా మీద తల కొలత వేస్తారు: 4.49, 4.50, 4.51 మి.మీ. ఏది నప్పుతుందో బ్యారెల్‌ను బట్టి మారుతుంది. ఒక్కో కొలతకు ఒక చిన్న డబ్బాతో పరీక్షించి, నప్పినదాన్ని ఒకే లాట్ నంబరుతో నాలుగైదు డబ్బాలు తెచ్చుకోవడం మేలు.

సమస్య: రంధ్రాల గుంపు దగ్గరగానే ఉంది కానీ మొత్తం కిందికో పైకో జరిగింది

పెల్లెట్ బరువు మారింది, అంతే. పిస్టల్ పెల్లెట్లు సుమారు 0.45 నుంచి 0.53 గ్రాముల వరకు ఉంటాయి. సైట్ (గురి చూసే అమరిక) మరను క్లిక్కు క్లిక్కుగా తిప్పి సరిచేసుకోండి. పోటీకి ముందు వారంలో మాత్రం రకం మార్చవద్దు.

సమస్య: కాల్చేకొద్దీ గుంపు విచ్చుకుంటోంది

బ్యారెల్‌లో సీసం పేరుకుంది. ఫెల్ట్ క్లీనింగ్ పెల్లెట్లు (బ్యారెల్ తుడిచే మెత్తటి గుళ్లు) రెండు మూడు కాల్చి, తర్వాత పది మామూలువి కాల్చాకే గుంపు చూడండి. నూనె పోయకండి. అప్పటికీ తగ్గకపోతే సిలిండర్ ప్రెషర్, సీళ్లు చూడాలి.

సమస్య: పెల్లెట్ల మీద తెల్లటి పొడి

మైపాడు, కొత్తపట్నం లాంటి తీర ఊళ్లలో, ముఖ్యంగా అక్టోబరు నుంచి డిసెంబరు దాకా వానల్లో ఇది మామూలే. తేమకు సీసం మీద పట్టే పొర అది, విషం కూడా. ఊదకండి, గుడ్డతో రుద్దకండి. పొడి పట్టినవాటిని పక్కన పడేయండి. మిగతావి గట్టి మూత డబ్బాలో సిలికా జెల్ పొట్లంతో దాచండి. ఏ పెల్లెట్ ముట్టుకున్నా సబ్బుతో చేతులు కడిగాకే అన్నం ముట్టాలి. పిల్లలు పెల్లెట్లను నోట్లో పెట్టుకోకుండా చూడండి.

సమస్య: కార్డు చిరిగి పాయింటు తేలడం లేదు

మొన తేలిన పెల్లెట్లు వాడుతున్నారు, లేదా కార్డు తేమ పట్టింది. బల్లపరుపు తల ఉన్న రకమే గుండ్రంగా కోస్తుంది.

ఆదా కోసం ఒకసారి కాల్చిన పెల్లెట్లను ఏరి మళ్లీ వాడకండి, ఇనుప గుళ్లు అసలే వద్దు. ఇనుప గుళ్లు రైఫ్లింగ్‌ను (బ్యారెల్ లోపలి మెలి గాళ్లను) గీసేస్తాయి, గట్టి పలకకు తగిలి కంటి మీదికి తిరిగొస్తాయి. నిజంగా ఖర్చు తగ్గించేది పెల్లెట్ లేకుండా ట్రిగ్గర్ సాధన. డ్రై ఫైర్ అమరిక ఉన్న మ్యాచ్ పిస్టల్‌తో రోజుకు అరగంట చేయవచ్చు. స్ప్రింగ్ పిస్టల్‌ను మాత్రం ఖాళీగా కాల్చకూడదు, లోపలి పిస్టన్ దెబ్బతింటుంది.